జో డేవిస్

జో డేవిస్ (ఏప్రిల్ 15, 1901 - జూలై 10, 1978) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ స్నూకర్, బిలియర్డ్స్ క్రీడాకారుడు. పూర్తి పేరు జోసెఫ్ డేవిస్. వృత్తి క్రీడాకారుల కోసం స్నూకర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉండాలని పట్టుబట్టి దానిని ఏర్పాటు చేయించినవాడు, 1927లో ఆ మొదటి పోటీని గెలిచినవాడు కూడా ఇతడే. అప్పటి నుండి 1940 వరకు ఏటా జరిగిన పోటీలలోను, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత 1946లో జరిగిన పోటీలోను విజేత డేవిసే. ఈ విధంగా మొత్తం 15 సార్లు ప్రపంచ విజేతగా నిలిచి, ఆ పోటీలో ఒక్కసారి కూడా ఓడిపోకుండానే దాని నుండి తప్పుకున్నాడు. బిలియర్డ్స్‌లోను నాలుగు సార్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్ సాధించాడు. 1980లలో ఆరు సార్లు ప్రపంచ విజేత అయిన స్టీవ్ డేవిస్‌కు, ఇతనికి బంధుత్వమేమీ లేదు. ఇంటిపేరు ఒకటే కావడం వలన చాలామంది పొరబడుతుంటారు.

ఆట నేపథ్యం

స్నూకర్ పుట్టినది భారతదేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో ఉన్న బ్రిటిష్ సైనికాధికారులు వానాకాలంలో పొద్దు గడవక బిలియర్డ్స్ బల్లపై రకరకాల ఆటలు ఆడుతుండగా, నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి రంగు బంతులను చేర్చి ఈ ఆటను రూపొందించాడు (తరువాతి కాలంలో బ్రిటన్ ప్రధానమంత్రి అయిన చాంబర్లేన్ వేరు). 1880లలో ఊటీ క్లబ్బులో దీని నియమాలను వ్రాసి గోడకు తగిలించారు. అక్కడి నుండి ఆట ఇంగ్లాండు చేరింది. అయితే అక్కడ దానికి పెద్ద గౌరవం దక్కలేదు. మూడు బంతులతో ఆడే ఇంగ్లీషు బిలియర్డ్స్‌నే అసలైన ఆటగా, నైపుణ్యానికి కొలమానంగా భావించేవారు. స్నూకర్ క్లబ్బులలో చిన్న చిన్న పందాలతో కాలక్షేపానికి ఆడుకునేది, లేదా బిలియర్డ్స్ పోటీ తొందరగా ముగిసిపోయినపుడు ప్రేక్షకుల కోసం కాసేపు ఆడి చూపించేది మాత్రమే.

స్నూకర్ తెలియని పాఠకుల కోసం దాని పద్ధతి క్లుప్తంగా: 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల బల్లపై తెల్ల బంతితో కొట్టి మిగిలిన బంతులను ఆరు పాకెట్లలో పడవేయాలి. ఎర్ర బంతులు 15, ఒక్కొక్కటి 1 పాయింటు. పసుపు, ఆకుపచ్చ, గోధుమ, నీలం, గులాబి, నలుపు బంతులకు వరుసగా 2 నుండి 7 పాయింట్లు. ఒక ఎర్ర బంతి వేసిన తరువాత ఒక రంగు బంతి వేయాలి. ఆ రంగు బంతిని మళ్ళీ దాని స్థానంలో ఉంచుతారు. ఎర్ర బంతులన్నీ అయిపోయాక రంగు బంతులను తక్కువ విలువ నుండి ఎక్కువ విలువకు వరుసగా వేయాలి. తప్పకుండా ఒకే వరుసలో సాధించిన పాయింట్లను బ్రేక్ అని, ఒక్కొక్క ఆటను ఫ్రేమ్ అని అంటారు.

బాల్యం

డేవిస్ 1901 ఏప్రిల్ 15న ఇంగ్లాండులోని డెర్బీషైర్‌లో విట్‌వెల్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. తరువాత గని పని మాని పబ్ నిర్వహణలోకి దిగాడు. ఆ కుటుంబం చెస్టర్‌ఫీల్డ్ పట్టణం సమీపంలోని విట్టింగ్‌టన్ మూర్‌కు మారింది. అక్కడ వారు నడిపిన పబ్‌లో పూర్తి పరిమాణం గల బిలియర్డ్స్ బల్ల ఒకటి ఉండేది. గని కార్మికుల పిల్లవాడికి అది మామూలుగా దొరికే అవకాశం కాదు. పిల్లలలో పెద్దవాడైన జో ఆ బల్ల మీదనే ఆట నేర్చుకున్నాడు. స్థానికంగా పేరున్న శిక్షకుడు ఎర్నెస్ట్ రడ్జ్ అతని ప్రతిభను గుర్తించి శిక్షణనిచ్చాడు. 13 ఏళ్ళ వయసులో చెస్టర్‌ఫీల్డ్ ప్రాంత బిలియర్డ్స్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1919లో, 18 ఏళ్ళ వయసులో వృత్తి క్రీడాకారుడయ్యాడు.

డేవిస్ కుడి కంటి చూపు బలహీనం. కుడిచేతితో ఆడేవారు సాధారణంగా క్యూ కర్రను గడ్డం మధ్య భాగం కిందికి వచ్చేటట్లు పట్టుకొని రెండు కళ్ళతో గురిచూస్తారు. డేవిస్ మాత్రం ఎడమ కంటితోనే గురిచూసేవాడు. అందువలన అతని క్యూ గడ్డానికి ఎడమ పక్కగా కదిలేది. పాత ఛాయాచిత్రాలలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. శరీరంలోని లోపానికి అనుగుణంగా అతడు మలచుకున్న నిలకడైన భంగిమ, తల బాగా వంచి క్యూ కర్రకు ఆనించడం, తరువాతి తరాలు ఆటలో పాఠాలుగా నేర్చుకున్నవే.

బిలియర్డ్స్ క్రీడాకారుడిగా

డేవిస్ తన యౌవనంలో కోరుకున్నది బిలియర్డ్స్ కిరీటాన్ని. 1926లో, మళ్ళీ 1927లో ప్రపంచ బిలియర్డ్స్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో టామ్ న్యూమాన్ చేతిలో ఓడిపోయాడు. 1928లో అదే న్యూమాన్‌ను 16,000 - 14,874 పాయింట్ల తేడాతో ఓడించి మొదటిసారి విజేత అయ్యాడు. 1929, 1930లలో మళ్ళీ గెలిచాడు. 1932లో న్యూజిలాండ్‌కు చెందిన క్లార్క్ మెకానకీని ఓడించాడు. అదే ఏడాది స్నూకర్ ఫైనల్‌లో కూడా అతని ప్రత్యర్థి మెకానకీయే. ఆ రెండు ఫైనళ్ళలోను డేవిస్ గెలిచాడు.

అయితే ఆ కాలంలో బిలియర్డ్స్‌లో డేవిస్‌ను మించినవాడు ఒకడు ఉన్నాడు. ఆస్ట్రేలియాకు చెందిన వాల్టర్ లిండ్రమ్. 1932 జనవరిలో లండన్‌లోని థర్స్టన్స్ హాలులో డేవిస్‌తో ఆడుతూ లిండ్రమ్ 4,137 పాయింట్ల బ్రేక్ సాధించాడు. దాదాపు మూడు గంటలపాటు డేవిస్ కుర్చీలో కూర్చొని చూడవలసి వచ్చింది. 1933లో లండన్‌లో జరిగిన ప్రపంచ బిలియర్డ్స్ పోటీలో 21,815 - 21,121 తేడాతోను, 1934లో మెల్‌బోర్న్‌లో 23,553 - 22,678 తేడాతోను లిండ్రమే గెలిచాడు. ఇరవై వేల పాయింట్లు దాటిన ఆటలో ఏడెనిమిది వందల తేడా అంటే స్వల్పమే. కానీ గెలుపు గెలుపే.

లిండ్రమ్ సామర్థ్యమే ఒక విధంగా బిలియర్డ్స్‌కు ముప్పు తెచ్చింది. బంతులను అంచు పక్కన దగ్గరగా చేర్చి, అంగుళం అంగుళం కదిలిస్తూ వందల కొద్దీ పాయింట్లు కూడబెట్టే ఆట చూడడం ప్రేక్షకులకు విసుగు పుట్టించింది. నియమాలు మార్చినా జనం తిరిగి రాలేదు. 1934 తరువాత 1951 వరకు ప్రపంచ బిలియర్డ్స్ ఛాంపియన్‌షిప్ జరగనే లేదు. డేవిస్ మాత్రం బ్రిటన్ జాతీయ బిలియర్డ్స్ పోటీని 1934 నుండి 1939 వరకు ఏటా, చివరిగా 1947లో గెలిచాడు.

మొదటి స్నూకర్ ఛాంపియన్‌షిప్

బిలియర్డ్స్‌లో తన శిఖరాన్ని అందుకోకముందే డేవిస్ మరో దారిని కూడా చూసుకున్నాడు. చెస్టర్‌ఫీల్డ్‌లోని బిలియర్డ్స్ హాళ్ళకు వచ్చే మామూలు జనం స్నూకర్ బల్లల చుట్టూ మూగడం అతడు గమనించాడు. బర్మింగ్‌హామ్‌లో హాళ్ళు నడుపుతున్న బిల్ కామ్‌కిన్ అభిప్రాయం కూడా అదే. అంతకుముందు 1924లో నాటింగ్‌హామ్‌కు చెందిన టామ్ డెన్నిస్ స్నూకర్‌లో వృత్తి పోటీ పెట్టమని ఆటను పర్యవేక్షించే సంఘాన్ని కోరాడు. డబ్బు పెట్టి చూడదగినంత ఆకర్షణ ఆ ఆటలో ఉన్నదా అని సంఘం కార్యదర్శి సందేహం వెలిబుచ్చడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. డేవిస్, కామ్‌కిన్ కలిసి పట్టు విడువకుండా నియమావళి తయారు చేసి, 1926లో సంఘం ఆమోదం పొందగలిగారు.

పది మంది క్రీడాకారులు పాల్గొన్నారు. మొదటి ఆట 1926 నవంబరు చివరిలో థర్స్టన్స్ హాలులో మెల్‌బోర్న్ ఇన్మాన్, టామ్ న్యూమాన్‌ల మధ్య మొదలయింది. ఫైనల్ 1927 మే నెలలో బర్మింగ్‌హామ్‌లోని కామ్‌కిన్ హాలులో జరిగింది. డేవిస్ తన ప్రత్యర్థి టామ్ డెన్నిస్‌ను 20 - 11 ఫ్రేమ్‌లతో ఓడించాడు. నిజానికి 31 ఫ్రేమ్‌ల ఆటలో 16 గెలిస్తే చాలు. కానీ టికెట్లు కొన్నవారి కోసం ఫలితం తేలిన తరువాత కూడా మిగిలిన ఫ్రేమ్‌లను ఆడడం ఆనాటి ఆచారం. పాత పోటీల స్కోర్లు ఇప్పటివారికి వింతగా కనిపించడానికి కారణం ఇదే.

విజేతగా డేవిస్‌కు దక్కిన మొత్తం 6 పౌండ్ల 10 షిల్లింగులు. ప్రవేశ రుసుములలో ఒక భాగాన్ని ట్రోఫీ కొనడానికి ఉపయోగించారు. దాని వెల 19 పౌండ్లు. పోటీ మొత్తంలో అత్యధిక బ్రేక్ ఆల్బర్ట్ కోప్ చేసిన 60. నేడు ఔత్సాహిక క్రీడాకారులు కూడా అంతకుమించి చేస్తుంటారు. ఆ రోజుల్లో మాత్రం ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళకు అది గొప్ప స్కోరే.

అజేయుడిగా

తొలి ఏళ్ళలో ఈ పోటీ పరిస్థితి చాలా బలహీనంగా ఉండేది. 1931లో కేవలం ఇద్దరే పాల్గొన్నారు. డేవిస్, డెన్నిస్‌ల మధ్య నాటింగ్‌హామ్‌లో డెన్నిస్‌కు చెందిన పబ్ వెనుక గదిలో ఆ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. డేవిస్ 25 - 21తో గెలిచాడు. డెన్నిస్ నాలుగు సార్లు ఫైనల్ ఆడి నాలుగు సార్లూ డేవిస్ చేతిలోనే ఓడాడు. 1934లోను ఇద్దరే పోటీదారులు, డేవిస్, న్యూమాన్. ఇటువంటి ఏడాదులను కూడా లెక్కలో చేర్చి 15 విజయాలనడం సబబేనా అని అడిగేవారు ఉన్నారు. ప్రత్యర్థులు లేకపోవడం డేవిస్ తప్పు కాదు. వచ్చినవారిని అతడు ఓడించాడు. పైగా 1930ల మధ్యలో పోటీ గట్టిపడినపుడు కూడా ఫలితం మారలేదు.

ఆ గట్టి పోటీ ఇచ్చినవాడు వాల్టర్ లిండ్రమ్ మేనల్లుడైన హొరేస్ లిండ్రమ్. 1936 ఫైనల్‌లో చివరి రోజున లిండ్రమ్ 27 - 24తో ముందున్నాడు. మిగిలిన పది ఫ్రేమ్‌లలో నాలుగు గెలిస్తే కిరీటం అతనిదే. డేవిస్ ఆ పదీ వరుసగా గెలిచి 34 - 27తో ఆటను ముగించాడు. అతని విజయాలలో ఇంతకంటే కష్టమైనది బహుశా మరొకటి లేదు. 1937లో మళ్ళీ వారిద్దరే ఫైనల్ చేరారు. ఈసారి 32 - 29. 1938, 1939 ఫైనళ్ళలో సిడ్నీ స్మిత్‌ను ఓడించాడు.

ఈ కాలంలోనే స్నూకర్ ఆట స్వరూపం మారింది. అంతవరకు ఆటగాళ్ళు ఒకటి రెండు బంతులు వేసి, తరువాత తెల్ల బంతిని సురక్షితమైన చోటికి చేర్చి ప్రత్యర్థి పొరపాటు కోసం వేచి ఉండేవారు. డేవిస్ బిలియర్డ్స్‌లో నేర్చిన బంతి నియంత్రణను స్నూకర్‌కు అన్వయించాడు. తెల్ల బంతిని కింది భాగంలో కొట్టి వెనుకకు రప్పించడం, పై భాగంలో కొట్టి ముందుకు పంపడం, పక్కన కొట్టి అంచుకు తగిలాక దిశ మార్చడం వంటి ప్రక్రియలతో ఒక బంతి వేస్తున్నపుడే రాబోయే రెండు మూడు బంతులకు ఏర్పాటు చేసుకునేవాడు. నల్ల బంతి, గులాబి బంతి ఉన్న వైపునే ఎక్కువసేపు తిరుగుతూ పాయింట్లు పెంచడం అతడు పద్ధతిగా చేసి చూపించాడు. 1928లో తొలిసారి 100 పాయింట్ల బ్రేక్ చేశాడు. 1935లో 110 పాయింట్లతో ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్రలో మొదటి సెంచరీ నమోదు చేశాడు. తన జీవితకాలంలో ఇతడు బహిరంగ ప్రదర్శనలలో చేసిన సెంచరీలు 687 అని లెక్క. తన పద్ధతిని వివరిస్తూ వ్రాసిన పుస్తకాలలో 1949లో వెలువడిన హౌ ఐ ప్లే స్నూకర్ చాలాకాలం ఆట నేర్చుకునేవారికి ప్రామాణిక గ్రంథంగా నిలిచింది.

అన్నదమ్ములు

జో కంటే 12 ఏళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఫ్రెడ్ డేవిస్ కూడా ఇదే వృత్తిలోకి వచ్చాడు. ఫ్రెడ్‌కు హ్రస్వదృష్టి ఉండేది. ఆ సంగతి బయటపెట్టకుండా ఆడుతూ 1937 ఛాంపియన్‌షిప్‌లో బిల్ విథర్స్ అనే అంతగా పేరులేని ఆటగాడి చేతిలో 17 - 14తో ఓడిపోయాడు. తరువాతి ఆటలో జో అదే విథర్స్‌ను 30 - 1తో చిత్తు చేశాడు. ఇంటి పరువు నిలబెట్టుకోవాలన్న పట్టుదల ఆ స్కోరులో కనిపిస్తుంది. ఆ ఓటమి తరువాతనే ఫ్రెడ్ కంటి వైద్య నిపుణుని వద్దకు వెళ్ళాడు. తల వంచి గురిచూసినపుడు కూడా అద్దాల గుండానే చూడగలిగేటట్లు కదిలే చట్రంతో ప్రత్యేకమైన కళ్ళజోడు చేయించుకున్నాడు. అటువంటి కళ్ళజోళ్ళు తరువాత ఈ ఆటలో చాలామంది వాడారు.

1940 ఫైనల్‌లో అన్నదమ్ములు తలపడ్డారు. జో 15 - 10తో ముందంజలో ఉండగా ఫ్రెడ్ వరుసగా 11 ఫ్రేమ్‌లు గెలిచాడు. చివరకు జో 37 - 36తో బయటపడ్డాడు. గెలుపు ఖాయం చేసిన ఫ్రేమ్‌లో 101 పాయింట్ల బ్రేక్ చేయడం విశేషం. ఎవరికీ ఏ మినహాయింపూ ఇవ్వకుండా ఆడిన సమాన పోటీలలో జో తన జీవితంలో నాలుగు సార్లు మాత్రమే ఓడిపోయాడు. ఆ నాలుగూ ఫ్రెడ్ చేతిలోనే, అన్నీ 1946 తరువాతనే.

యుద్ధకాలం, 1946 ఫైనల్

1940లో జర్మనీ బాంబు దాడిలో థర్స్టన్స్ హాలు దెబ్బతిన్నది. ఛాంపియన్‌షిప్ నిలిచిపోయింది. ఆ ఏళ్ళలో డేవిస్ నాటకశాలలలో గాయకులు, హాస్యగాళ్ళతో పాటు వేదికపై స్నూకర్ విన్యాసాలు ప్రదర్శించాడు. బల్లపై జరుగుతున్నది ప్రేక్షకులందరికీ కనిపించడానికి పెద్ద అద్దాన్ని ఏటవాలుగా అమర్చేవారు. యుద్ధ సహాయ నిధుల కోసం కూడా అనేక ప్రదర్శనలు ఇచ్చాడు. 1945లో గాయని జూన్ మాలోను వివాహమాడాడు. ఇది అతనికి రెండవ వివాహం.

1946లో ఛాంపియన్‌షిప్ తిరిగి మొదలయింది. ఫైనల్ లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ హాలులో రెండు వారాలపాటు, 145 ఫ్రేమ్‌లుగా సాగింది. ప్రత్యర్థి హొరేస్ లిండ్రమ్. పబ్ వెనుక గదిలో ఫైనల్ జరిగిన ఆటకు ఇప్పుడు పెద్ద ప్రదర్శనశాల, దాని నిండా జనం. డేవిస్ 78 - 67తో గెలిచాడు. ఆ ఆటలో చేసిన ఆరు సెంచరీలలో ఒకటైన 136 ఛాంపియన్‌షిప్‌లో కొత్త రికార్డు అయింది. ఆ వెంటనే ఇకపై ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొనబోనని ప్రకటించాడు. అప్పటికి అతనికి 45 ఏళ్ళు.

తప్పుకోవడం వలన కలిగిన నష్టం

ఈ నిర్ణయం స్నూకర్ చరిత్రను దాదాపు రెండు దశాబ్దాలపాటు ప్రభావితం చేసింది. డేవిస్ ఛాంపియన్‌షిప్ నుండి మాత్రమే తప్పుకున్నాడు, ఆట నుండి కాదు. మిగిలిన పోటీలలో, ప్రదర్శనలలో ఆడుతూనే ఉన్నాడు, గెలుస్తూనే ఉన్నాడు. ప్రపంచ విజేత ఎవరైనప్పటికీ అందరికంటే మేటి ఆటగాడు జో డేవిసే అని జనానికి తెలుసు. దానితో ఆ బిరుదుకు విలువ లేకుండా పోయింది. తరువాతి కాలంలో ఎనిమిది సార్లు విజేత అయిన ఫ్రెడ్ కూడా అన్న నీడలోనే ఉండిపోయాడు.

ఆటలోనే కాక వ్యవహారాలలోను డేవిస్ మాటే చెల్లుబాటయ్యేది. వృత్తి క్రీడాకారుల సంఘానికి అతడే అధ్యక్షుడు. థర్స్టన్స్ హాలు 1947లో లీసెస్టర్ స్క్వేర్ హాలు పేరుతో తిరిగి తెరుచుకున్నపుడు దాని నిర్వహణలో అతడు భాగస్వామి. పత్రికలతో, తరువాత టెలివిజన్‌తో ఒప్పందాలు కుదిర్చేది కూడా అతడే. లండన్‌లో పెద్ద పోటీలలో ఎవరు ఆడాలన్నది చాలావరకు ఈ చిన్న బృందం చేతిలో ఉండేది. కొత్తవారిని రానివ్వలేదని డేవిస్‌పై విమర్శ ఉంది. ఆ కాలంలో వృత్తిలోకి వచ్చిన యువకులు వేళ్ళ మీద లెక్కించదగినంత మందే కావడం చూస్తే ఆ విమర్శను తోసిపుచ్చడం కష్టం. అదే సమయంలో, ప్రేక్షకులు తగ్గిపోతున్న రోజులలో ఉన్న కొద్దిమందికైనా పని దొరికేటట్లు చూసినది కూడా అతడేనని ఒప్పుకోవాలి.

1952లో పర్యవేక్షక సంఘానికి, వృత్తి క్రీడాకారులకు మధ్య వివాదం ముదిరింది. క్రీడాకారులు అధికారిక ఛాంపియన్‌షిప్‌ను బహిష్కరించి తమ సొంత ప్రపంచ పోటీని ప్రారంభించారు. అధికారిక పోటీకి లిండ్రమ్, మెకానకీ ఇద్దరే మిగిలారు. లిండ్రమ్ గెలిచాడు గానీ ఆ విజయాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోలేదు. క్రీడాకారుల పోటీ కూడా క్రమంగా నీరసించింది. 1957లో నలుగురు మాత్రమే పాల్గొనగా జాన్ పుల్మాన్ విజేత అయ్యాడు. ఆ తరువాత 1964 వరకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ అన్నదే లేదు. తాను నాటిన చెట్టు ఎండిపోవడాన్ని డేవిస్ కళ్ళారా చూశాడు. అందులో తన పాత్ర కూడా ఉన్నది.

147

ఒక ఫ్రేమ్‌లో సాధారణంగా సాధ్యమయ్యే గరిష్ఠ బ్రేక్ 147. పదిహేను ఎర్ర బంతులతో పాటు ప్రతిసారీ నల్ల బంతినే వేస్తే 120, చివరి ఆరు రంగు బంతులకు 27, మొత్తం 147 అవుతుంది. ఆస్ట్రేలియాలో 1934లోనే మర్ట్ ఒడొనొహ్యూ దీనిని సాధించాడు గానీ అది అధికారిక గుర్తింపు పొందలేదు. డేవిస్ చాలాకాలం దీని కోసం ప్రయత్నించాడు. 1950లో 146 వరకు చేరి ఒక్క పాయింటు దూరంలో ఆగిపోయాడు.

1955 జనవరి 22న లీసెస్టర్ స్క్వేర్ హాలులో విల్లీ స్మిత్‌తో జరిగిన ఆటలో డేవిస్ 147 పూర్తి చేశాడు. అప్పుడు అతని వయసు 53. అవతలి కుర్చీలో కూర్చున్న స్మిత్ 69వ ఏడు నిండబోతున్న వృద్ధుడు, 1920లలో బిలియర్డ్స్ ప్రపంచ విజేత, స్నూకర్ అంటే పెద్దగా గిట్టనివాడు. అప్పటికే ఆ హాలు మూసివేత నిర్ణయమై ఉంది. కొద్ది రోజులలోనే దాని తలుపులు శాశ్వతంగా మూతపడ్డాయి.

పర్యవేక్షక సంఘం మాత్రం ఈ రికార్డును వెంటనే గుర్తించలేదు. తప్పు చేసిన ఆటగాడినే మళ్ళీ ఆడమని ప్రత్యర్థి కోరవచ్చుననే నియమాన్ని వృత్తి క్రీడాకారులు పాటిస్తుండేవారు. సంఘం నియమావళిలో అది లేదు. ఆ నియమానికి ఈ బ్రేక్‌తో సంబంధమేమీ లేకున్నా, ఆట తమ నియమాల ప్రకారం జరగలేదని సంఘం వాదించింది. చివరకు 1957లో గుర్తింపు పత్రం ఇచ్చింది. దీనితో అధికారికంగా నమోదైన మొట్టమొదటి 147 డేవిస్‌దే అయింది. రెండవదాని కోసం 1965 వరకు ఆగవలసి వచ్చింది. అది రెక్స్ విలియమ్స్ సాధించినది.

స్నూకర్ ప్లస్

తగ్గిపోతున్న ఆదరణను తిరిగి తీసుకురావాలని డేవిస్ 1959లో స్నూకర్ ప్లస్ అనే కొత్త ఆటను ప్రవేశపెట్టాడు. మామూలు రంగు బంతులకు తోడు 8 పాయింట్ల నారింజ రంగు బంతిని, 10 పాయింట్ల ఊదా రంగు బంతిని చేర్చాడు. దీనిలో గరిష్ఠ బ్రేక్ 210. ఒక పత్రిక నిర్వహించిన పోటీలో ఈ ఆటను ఆడించారు గానీ జనానికి నచ్చలేదు, త్వరలోనే మరుగున పడింది. బల్లపై బంతులు చాలకపోవడం ఆనాటి సమస్య కాదు. కొత్త ఆటగాళ్ళు, అర్థవంతమైన పోటీలు లేకపోవడమే సమస్య.

చివరి దశ

1963లో బ్రిటిష్ ప్రభుత్వం డేవిస్‌ను ఓ.బి.ఇ. పురస్కారంతో గౌరవించింది. 1964లో ఆట నుండి విరమించాడు. అదే ఏడాది రెక్స్ విలియమ్స్ చొరవతో ప్రపంచ ఛాంపియన్‌షిప్ సవాలు పద్ధతిలో తిరిగి ప్రారంభమయింది. 1969 నుండి మళ్ళీ పలువురు పాల్గొనే పోటీగా మారింది. రంగుల టెలివిజన్ రాకతో స్నూకర్‌కు డేవిస్ కూడా ఊహించనంత ఆదరణ లభించింది. 1976లో అతని ఆత్మకథ ది బ్రేక్స్ కేమ్ మై వే ప్రచురితమైంది. 1977 నుండి ఛాంపియన్‌షిప్ షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో జరుగుతోంది. ఆ నగరం డేవిస్ పెరిగిన చెస్టర్‌ఫీల్డ్‌కు చాలా దగ్గర.

1978 ఛాంపియన్‌షిప్‌లో 64 ఏళ్ళ ఫ్రెడ్ సెమీఫైనల్ చేరాడు. ప్రత్యర్థి దక్షిణాఫ్రికాకు చెందిన పెర్రీ మాన్స్. ఆ ఆటను చూడడానికి జో క్రూసిబుల్‌కు వచ్చాడు. ఆట ఉత్కంఠగా సాగుతుండగా ప్రేక్షకులలో కూర్చున్న జో అస్వస్థతకు గురయ్యాడు. ఫ్రెడ్ 18 - 16తో ఓడిపోయాడు. జోకు పెద్ద శస్త్రచికిత్స జరిగింది. కోలుకుంటున్న సమయంలో ఛాతీలో ఇన్‌ఫెక్షన్ సోకి 1978 జూలై 10న హాంప్‌షైర్‌లో మరణించాడు.

రెండేళ్ళ తరువాత, 1980లో, ఫ్రెడ్ ప్రపంచ బిలియర్డ్స్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. స్నూకర్, బిలియర్డ్స్ రెండింటిలోను ప్రపంచ వృత్తి ఛాంపియన్‌షిప్‌లు సాధించినవారు ఈ అన్నదమ్ములిద్దరే. 1969 తరువాతి ఆధునిక కాలంలో స్టీఫెన్ హెండ్రీ, రానీ ఓసలివన్ చెరి ఏడు సార్లు ప్రపంచ స్నూకర్ విజేతలయ్యారు. 1927లో 19 పౌండ్లకు కొన్న ఆ వెండి ట్రోఫీనే ఇప్పటికీ విజేతలకు అందజేస్తున్నారు.